కీళ్ళ కణజాలంలో నాడీ ప్రసారక సంకేత వ్యవస్థలు

ఒక నాడీకణం నుంచి మరో కణానికి కబురు మోసే రసాయనాలను నాడీ ప్రసారకాలు అంటారు. గ్లుటమేట్, అసిటైల్‌కోలిన్, నోర్‌అడ్రినలిన్, సెరటోనిన్, పదార్థం-పి వాటిలో కొన్ని. చాలాకాలం వీటిని మెదడుకూ వెన్నుపాముకూ, కండరాలకూ పేగులకూ చెందిన రసాయనాలుగానే చదువుకున్నారు. మోకాలు, మణికట్టు, చీలమండ వంటి కీళ్ళలోనూ ఇవి ఉన్నాయని ఇరవయ్యో శతాబ్దం చివరి పాతికేళ్ళలో తేలింది. వీటిని అందుకునే గ్రాహకాలు, పని ముగిశాక వీటిని కణం లోపలికి లాగేసుకునే రవాణా ప్రోటీన్లు కూడా అక్కడ కనిపించాయి. కీలులోని నాడి కొనలు మాత్రమే వీటిని వాడుకోవు. నాడితో నేరుగా సంబంధం లేని మృదులాస్థి కణాలు, ఎముక కణాలు, కీలు లోపలి పొర కణాలు, రక్తం నుంచి వచ్చి చేరిన రక్షణ కణాలు సైతం వీటితోనే ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఈ ఏర్పాటంతటినీ కలిపి కీళ్ళ కణజాలంలోని నాడీ ప్రసారక సంకేత వ్యవస్థలు అంటారు.

మోకాళ్ళ నొప్పితో వచ్చిన రోగికి మన ఊళ్ళలో సాధారణంగా చెప్పే మాట "గుజ్జు అరిగిపోయింది" అని. రోగి చప్పున గ్రహించే మాటే అది. అయితే కీలును తలుపు బందులాంటి నిర్జీవ వస్తువుగా చూపిస్తుంది. ఎక్స్‌రేలో బాగా అరిగిన మోకాలు ఉన్న కొందరికి నొప్పి ఉండదు. ఎక్స్‌రే దాదాపు మామూలుగా ఉన్నవారిలో కొందరు నొప్పితో నిద్రపోలేరు. ఈ తేడాకు కారణం వెతికేటప్పుడు కీలులోని రసాయన సంకేతాలను పట్టించుకోక తప్పదు.

పరిభాష

ఈ విషయం తెలుగులో చదివేవారికి 'సంధి' అనే మాట దగ్గర చిక్కు వస్తుంది. రెండు ఎముకలు కలిసే చోటు సంధి. ఒక నాడీకణం కొన మరో కణానికి కబురు అందించే సన్నని ఎడం నాడీకణ సంధి. నాడీకణాల దేహాలు గుంపుగా ఉండే ముడిని పాఠ్యపుస్తకాలు నాడీసంధి అంటాయి. మోకాలి నుంచి బయలుదేరే నొప్పి ఈ మూడింటినీ దాటుతుంది కాబట్టి ఒకే మాట వాడితే వాక్యం తికమకగా తయారవుతుంది. అందుచేత ఈ వ్యాసంలో మొదటిదానికి కీలు, రెండోదానికి సినాప్స్, మూడోదానికి నాడీముడి అనే మాటలు వాడాం. దెబ్బకో సూక్ష్మజీవికో శరీరం చూపే ఎరుపు, వేడి, వాపు, నొప్పి కలిసిన ప్రతిచర్య శోథ. అరుగుదల ప్రధానంగా ఉండే కీళ్ళ జబ్బు ఆస్టియో ఆర్థరైటిస్. శరీర రక్షణ వ్యవస్థ సొంత కీళ్ళ మీదే తిరగబడితే వచ్చేది రుమటాయిడ్ ఆర్థరైటిస్. వాడుకలో రెండింటినీ కీళ్ళవాతమనే అంటారు. వైద్యం మాత్రం వేరువేరు.

కీలు నిర్మాణం, నాడుల అమరిక

మోకాలు సైనోవియల్ తరగతి కీలు. ఎముకల కొనలను నున్నని మృదులాస్థి కప్పి ఉంచుతుంది. చుట్టూ గట్టి సంచి, దాని లోపలి వైపు సైనోవియల్ పొర, ఆ పొర ఊరించే జిగురు ద్రవం ఉంటాయి. ఎముకను ఎముకతో కట్టి ఉంచేవి సంధిబంధనాలు. మోకాలిలో అదనంగా నెలవంక ఆకారంలో రెండు మెనిస్కస్‌లు ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న మోకాలిలో ద్రవం కొద్ది మిల్లీలీటర్లకు మించదు. 'మోకాలికి నీరు పట్టింది' అనేది ఈ ద్రవం అతిగా ఊరినప్పటి స్థితి.

ఒక కీలును కదిలించే కండరాలకు వెళ్ళే నాడులే ఆ కీలుకూ కొమ్మలు పంపుతాయని 19వ శతాబ్దపు లండన్ శస్త్రవైద్యుడు జాన్ హిల్టన్ గమనించాడు. హిల్టన్ సూత్రంగా అది నేటికీ పాఠాల్లో ఉంది. ఆ నాడుల్లో మందపాటి తంతువులు కీలు ఏ కోణంలో ఉందో, ఎంత వేగంగా కదులుతోందో చెబుతాయి. సన్నని తంతువుల పని నొప్పి చెప్పడం. వీటిలోనూ కొన్నింటికి పలచని మైలిన్ పూత ఉంటుంది, కొన్నింటికి అసలు ఉండదు. పూత లేని సి-తంతువుల్లో సంకేతం సెకనుకు 2 మీటర్ల లోపు వేగంతోనే సాగుతుంది. కీలు నాడుల్లో సంఖ్యాపరంగా ఎక్కువ ఈ సన్నని తంతువులే.

మృదులాస్థిలో మామూలుగా నాడులూ ఉండవు, రక్తనాళాలూ ఉండవు. 'అరిగిన గుజ్జు' తనంతట తాను నొప్పి పుట్టించలేదు. నొప్పి పుట్టేది దాని కింది ఎముకలో, సైనోవియల్ పొరలో, సంచిలో, మోకాలి చిప్ప వెనుక ఉండే కొవ్వు దిండులో. ఆస్టియో ఆర్థరైటిస్ ముదిరినప్పుడు కింది ఎముక నుంచి సన్నని రక్తనాళాలు మృదులాస్థిలోకి చొచ్చుకువస్తాయి. వాటి వెంట నాడి కొనలూ వస్తాయి. నాడి లేని చోటికి అలా నాడి చేరుతుంది.

1980లలో జర్మనీలో హన్స్-జార్జ్ షైబ్లే, రాబర్ట్ ష్మిట్ పిల్లుల మోకాలి నాడులపై చేసిన ప్రయోగాల్లో ఇంకో సంగతి బయటపడింది. కొన్ని నాడి కొనలు ఆరోగ్యంగా ఉన్న కీలును ఎంత వంచినా స్పందించవు. శోథ మొదలైన కొద్ది గంటల్లో అవే మేలుకొని చిన్న కదలికకు కూడా కబురు పంపడం మొదలుపెడతాయి. వీటికి మౌన నొప్పి గ్రాహకాలని పేరు. వాచిన కాలు నేల మీద మోపితేనే ప్రాణం విలవిలలాడడానికి ఇదొక కారణం.

చరిత్ర

నాడి రసాయనం ద్వారా కబురు పంపుతుందని 1921లో ఆటో లోవీ కప్ప గుండెలతో నిరూపించాడు. 1936 నోబెల్ బహుమతిని ఆయన హెన్రీ డేల్‌తో పంచుకున్నాడు. లోవీ ప్రయోగానికి ఇరవై ఏళ్ళ ముందే, 1901లో, ఇంగ్లండ్‌లో విలియం బేలిస్ ఒక వింతను నమోదు చేశాడు. చర్మం నుంచి వెన్నుపాముకు కబురు తీసుకుపోయే నాడిని ప్రేరేపిస్తే, ఆ నాడి కొన ఉన్న చోట రక్తనాళాలు వ్యాకోచించాయి. లోపలికి కబురు తేవలసిన నాడి బయటికీ ఏదో పంపుతోందన్నమాట. 1920లలో థామస్ లూయిస్ చర్మం మీద గీరినప్పుడు వచ్చే ఎర్రటి చార, చుట్టూ పాకే ఎరుపు, దద్దురు అనే మూడంచెల ప్రతిచర్యను వివరించాడు. అందులో చుట్టూ పాకే ఎరుపు నాడి కొనల పనేనన్నాడు. నాడీజన్య శోథ అనే భావనకు ఇవి పునాదులు.

1931లో ఉల్ఫ్ ఫాన్ ఆయిలర్, జాన్ గాడమ్ గుర్రం మెదడు, పేగు నుంచి రక్తపోటును తగ్గించే ఒక పదార్థాన్ని రాబట్టారు. దాని పేరే పదార్థం-పి. అది 11 అమైనో ఆమ్లాల గొలుసు అని తెలియడానికి మరో నలభై ఏళ్ళు పట్టింది. సూసన్ లీమన్, మైకేల్ చాంగ్ దాన్ని శుద్ధి చేసి క్రమాన్ని తేల్చారు. 1984లో జాన్ లెవీన్ బృందం ఎలుకల మీద చేసిన పనితో ఇది కీళ్ళ వైద్యుల దృష్టికి వచ్చింది. ప్రయోగాత్మకంగా కలిగించిన ఆర్థరైటిస్ ఎలుక మోకాలి కన్నా చీలమండలో తీవ్రంగా ఉంది. పదార్థం-పి ఉన్న నాడి కొనలు ఎక్కువగా ఉన్నదీ చీలమండలోనే. ఆ పదార్థాన్ని మోకాలిలోకి ఎక్కిస్తే అక్కడా జబ్బు ముదిరింది. నాడి కేవలం సాక్షిగా ఉండిపోక జబ్బులో పాలుపంచుకుంటోందన్న మాటకు ఇంత సూటి ఆధారం అంతకు ముందు లేదు.

గ్లుటమేట్

మెదడులో ప్రేరణ కలిగించే ప్రధాన ప్రసారకం గ్లుటమేట్. పప్పులో, పాలలో, మాంసంలో ఉండే సాధారణ అమైనో ఆమ్లం కూడా అదే. అందువల్ల ఎముకల పరిశోధకులు చాలాకాలం దాన్ని ఆహార పదార్థంగా మాత్రమే చూశారు. 1997లో డెబొరా మేసన్, ఆమె సహచరులు ఎలుకల ముంజేతి ఎముక మీద భారం పడినప్పుడు ఏ జన్యువుల పని మారుతుందో వెతుకుతూ ఎదురుచూడని ఫలితం పొందారు. మారినవాటిలో ఒకటి మెదడులో గ్లుటమేట్‌ను తొలగించే రవాణా ప్రోటీన్‌ది. భారం పడిన ఎముకలోని అస్థికణాల్లో ఆ ప్రోటీన్ తగ్గింది. ఎముక తన మీద పడే బరువును గ్రహించే తీరులో గ్లుటమేట్‌కు పాత్ర ఉండవచ్చన్న ఆలోచన అక్కడ మొదలైంది.

ఆ తరువాత ఎముకను కట్టే కణాల్లో, కరిగించే కణాల్లో, మృదులాస్థి కణాల్లో, సైనోవియల్ కణాల్లో గ్లుటమేట్ గ్రాహకాలు దొరికాయి. మెదడులో పేరుపడిన ఎన్.ఎం.డి.ఎ., ఏంపా, కైనేట్ రకాలే ఇక్కడివీ. ఆర్థరైటిస్ రోగుల కీలు ద్రవంలో గ్లుటమేట్ స్థాయి బాగా ఎక్కువగా ఉంటుందని 2000లో టెర్రీ మెక్‌నియర్నీ బృందం చూపింది. ఎలుక మోకాలిలో శోథ కలిగిస్తే ఆ ద్రవంలో గ్లుటమేట్ త్వరగా పెరుగుతుంది. నాడి కొనలే కాక రక్షణ కణాలు, దెబ్బతిన్న కణాలు కూడా దాన్ని వదులుతాయి.

అలా చేరిన గ్లుటమేట్ రెండు పనులు చేస్తుంది. నాడి కొనల మీది గ్రాహకాలకు తగిలి నొప్పి కబురును పెంచడం ఒకటి. సైనోవియల్ కణాలను ప్రేరేపించి ఇంటర్‌ల్యూకిన్-6 అనే శోథకారక ప్రోటీన్ విడుదలను పెంచడం మరొకటి. నొప్పి, కణజాల నష్టం రెండూ ఒకే సంకేతానికి రెండు చివరలు కావచ్చని దీని అర్థం. కార్డిఫ్‌లోని మేసన్ బృందం 2015లో వెలువరించిన ప్రయోగంలో ఏంపా, కైనేట్ గ్రాహకాలను అడ్డుకునే పదార్థాన్ని ఎలుక మోకాలిలోకి ఎక్కించారు. వాపు తగ్గింది, కీలు విధ్వంసమూ తగ్గింది. సాధారణ నొప్పిమాత్ర బాధను తగ్గిస్తుంది కానీ కీలు క్షీణతను ఆపదు. గ్లుటమేట్ దారిపై ఆసక్తి పెరగడానికి ఈ తేడాయే కారణం. ఇవి జంతువుల మీది ఫలితాలని మాత్రం మరవకూడదు.

ఎముకలోనూ మృదులాస్థిలోనూ మెదడులోలాంటి సినాప్స్ ఉండదు. కణం వదిలిన గ్లుటమేట్ చుట్టుపక్కలకు పాకుతుంది, దగ్గరున్న కణాలు అందుకుంటాయి. చిరునామా రాసి పంపిన ఉత్తరం కన్నా ఊరి చావడి దగ్గర వేసిన దండోరాకు ఇది దగ్గర. ఆ దండోరా ఎంతసేపు మోగాలో తేల్చేవి రవాణా ప్రోటీన్లు.

పదార్థం-పి, సి.జి.ఆర్.పి.

ఇవి రెండూ పెప్టైడ్‌లు. సి.జి.ఆర్.పి.లో 37 అమైనో ఆమ్లాలు ఉంటాయి. వెన్నెముక పక్కనున్న నాడీముడిలోని కణాల్లో తయారై, తంతువు వెంట రెండు వైపులా ప్రయాణిస్తాయి. వెన్నుపాము వైపు కొనలో ఇవి నొప్పి కబురును అందిస్తాయి. కీలు వైపు కొనలో రక్తనాళాలను వ్యాకోచింపజేస్తాయి, వాటి గోడల నుంచి ద్రవం ఊరేలా చేస్తాయి, మాస్ట్ కణాలనే రక్షణ కణాలను రెచ్చగొడతాయి. పదార్థం-పి తగిలితే రుమటాయిడ్ రోగుల సైనోవియల్ కణాలు ప్రోస్టాగ్లాండిన్-ఇ2నూ కొల్లాజెన్‌ను కోసే ఎంజైమ్‌నూ విడుదల చేస్తాయని 1987లో మార్టిన్ లోట్జ్ బృందం చూపింది. ప్రోస్టాగ్లాండిన్ మళ్ళీ నాడి కొనను సున్నితం చేస్తుంది. నాడి శోథను పెంచుతుంది, శోథ నాడిని రేపుతుంది.

ఎ.టి.పి., అడినోసిన్: యల్లాప్రగడ సుబ్బారావు కృషితో ముడిపడిన దారి

తెలుగువారి పేరు ఈ శాస్త్రంతో గట్టిగా ముడిపడింది ఇక్కడే. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యం చదివి, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి పనిచేశాడు. 1929లో వారిద్దరూ కండరం నుంచి ఎ.టి.పి.ని వేరుచేసిన వార్తను ప్రకటించారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా దాన్ని కనుగొన్నాడు. కణానికి శక్తినిచ్చే అణువుగా ఎ.టి.పి. ప్రతి పాఠ్యపుస్తకంలోకీ ఎక్కింది. అది కణం బయట సంకేతంగానూ పనిచేస్తుందని, కొన్ని నాడులకు అదే ప్రసారకమని 1972లో జెఫ్రీ బర్న్‌స్టాక్ ప్రతిపాదించినప్పుడు చాలామంది నమ్మలేదు. 1990లలో దాని గ్రాహకాల జన్యువులు ఒక్కొక్కటే దొరకడంతో సందేహాలు తీరాయి.

కీలులో కణం చితికినా, సాగినా, మీద ఒత్తిడి పడినా ఎ.టి.పి. బయటికి వస్తుంది. నొప్పి నాడుల మీద ఉండే పి2ఎక్స్3 గ్రాహకానికి అది తగిలితే నాడి కబురు పంపుతుంది. రక్షణ కణాల మీది పి2ఎక్స్7కు తగిలితే ఇంటర్‌ల్యూకిన్-1 బీటా వెలువడుతుంది. అయితే కణాల ఉపరితలం మీదుండే ఎంజైమ్‌లు ఎ.టి.పి.ని వరుసగా విరగ్గొట్టి అడినోసిన్‌గా మారుస్తాయి. ఈ అడినోసిన్ ఎ2ఎ గ్రాహకం ద్వారా శోథను చల్లార్చుతుంది. నిప్పు పెట్టిన అణువు ముక్కే నీళ్ళు చల్లుతుందన్నమాట. కీలు బాగుపడేదీ ముదిరేదీ చాలావరకు ఈ రెండింటి పాళ్ళ మీద ఆధారపడి ఉంటుంది.

సుబ్బారావు 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరాడు. అక్కడ ఆయన నడిపిన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆ ఆమ్లానికి ఎదురు పనిచేసే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ కూడా ఆ ప్రయోగశాల నుంచే వచ్చాయి. అమినోప్టెరిన్‌తో పిల్లల్లో రక్త క్యాన్సర్ తాత్కాలికంగా తగ్గుముఖం పట్టిందని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించాడు. సుబ్బారావు అదే ఏడు మరణించాడు. 1951లో రిచర్డ్ గబ్నర్ అమినోప్టెరిన్‌ను కీళ్ళ జబ్బులో వాడి చూశాడు. 1980ల మధ్యలో జరిగిన కచ్చితమైన పరీక్షల తరువాత 1988లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ మెథోట్రెక్సేట్‌ను రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు అనుమతించింది. నేడు ప్రపంచమంతటా ఆ జబ్బుకు మొదట రాసే మందు ఇదే.

క్యాన్సర్‌కు వాడే మోతాదులో ఇది కణ విభజనను ఆపుతుంది. కీళ్ళకు వాడే మోతాదు చాలా తక్కువ, అదీ వారానికి ఒక్కసారే. ఇంత కొద్ది మందు ఎలా పనిచేస్తుందన్న ప్రశ్నకు 1990లలో బ్రూస్ క్రోన్‌స్టీన్ బృందం ఒక జవాబు చూపింది. మెథోట్రెక్సేట్ వల్ల కణంలో ఒక మధ్యంతర రసాయనం పేరుకుపోతుంది. ఫలితంగా కణాలు అడినోసిన్‌ను ఎక్కువగా బయటికి వదులుతాయి. మందు పనితీరుకు ఇదొక్కటే వివరణ అనలేం గాని, బలమైన వివరణల్లో ఇదొకటి. తాను కనుగొన్న ఎ.టి.పి. విరిగితే వచ్చే అడినోసిన్‌ను, తన ప్రయోగశాల మందు కీలులో పెంచుతుందని సుబ్బారావుకు తెలిసే వీలు లేకపోయింది. రుమటాయిడ్ రోగి చీటీలో మెథోట్రెక్సేట్ పక్కనే, దాని దుష్ప్రభావాలు తగ్గడానికి, ఫోలిక్ ఆమ్లం మాత్ర కూడా ఉంటుంది. రెండూ ఆ ప్రయోగశాలవే.

కాఫీ, టీల్లోని కెఫీన్ అడినోసిన్ గ్రాహకాలను అడ్డుకుంటుంది. ఎలుకల్లో అది మెథోట్రెక్సేట్ ప్రభావాన్ని తగ్గించింది. మనుషుల్లో జరిగిన పరిశీలనలు ఒకదానితో ఒకటి పొసగలేదు.

నోర్‌అడ్రినలిన్, సహానుభూత నాడులు

ఆరోగ్యంగా ఉన్న సైనోవియల్ పొరలో నోర్‌అడ్రినలిన్ వదిలే సహానుభూత తంతువులూ (మన ప్రమేయం లేకుండా పనిచేసే నాడులవి), పదార్థం-పి వదిలే తంతువులూ ఒక సమతూకంలో ఉంటాయి. రుమటాయిడ్ కీలులో సహానుభూత తంతువులు బాగా తగ్గిపోతాయని, పదార్థం-పి తంతువులు మాత్రం నిలిచే ఉంటాయని జర్మనీలో రీగెన్స్‌బర్గ్‌కు చెందిన రైనర్ స్ట్రాబ్ బృందం గమనించింది. నోర్‌అడ్రినలిన్ ఎక్కువ గాఢతలో బీటా గ్రాహకాల ద్వారా శోథను అణచగలదు, తక్కువ గాఢతలో ఆల్ఫా గ్రాహకాల ద్వారా పెంచగలదు. కాబట్టి నాడి దూరమయ్యేకొద్దీ అదే రసాయనం ఇచ్చే ఫలితం తిరగబడుతుంది.

అసిటైల్‌కోలిన్, వేగస్ దారి

మెదడు నుంచి గుండె, పేగుల దాకా సాగే వేగస్ నాడిని ప్రేరేపిస్తే శరీరంలో టి.ఎన్.ఎఫ్. అనే శోథకారక ప్రోటీన్ తగ్గుతుందని కెవిన్ ట్రేసీ బృందం రెండువేలో సంవత్సరం ప్రాంతాల్లో చూపింది. రక్షణ కణాల మీది ఆల్ఫా-7 నికోటినిక్ గ్రాహకం ఇందులో కీలకం. వేగస్ కొమ్మలు మోకాలి దాకా రావు. ప్రభావం ప్రధానంగా ప్లీహం మీదుగా నడుస్తుంది. సైనోవియల్ కణాల మీద కూడా ఆల్ఫా-7 గ్రాహకం ఉంది. 2016లో 17 మంది రుమటాయిడ్ రోగుల శరీరంలో పరికరం అమర్చి వేగస్‌ను ప్రేరేపించగా టి.ఎన్.ఎఫ్. తగ్గింది, జబ్బు తీవ్రత కొలమానాలూ మెరుగయ్యాయి. 2025లో అమెరికా నియంత్రణ సంస్థ ఇలాంటి పరికరాన్ని రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు అనుమతించింది.

ఇతర ప్రసారకాలు

రక్తంలోని సెరటోనిన్ ఎక్కువ భాగం ప్లేట్‌లెట్‌లలో ఉంటుంది. శోథ ఉన్న కీలులో అది రక్తనాళాల గోడల్లో ఎడాలు ఏర్పరచడానికి తోడ్పడుతుంది. డోపమిన్, గాబా గ్రాహకాలను కూడా కీళ్ళ కణాల్లో గుర్తించారు. శరీరం తానే తయారుచేసుకునే నొప్పి నివారకాలైన ఎండార్ఫిన్‌ల సంగతి ఇంకా స్పష్టం. రక్షణ కణాలు వాటిని కీలులోనే వదులుతాయి, నాడి కొనల మీద వాటి గ్రాహకాలు ఉన్నాయి. అవే గ్రాహకాల మీద పనిచేసే మార్ఫిన్‌ను మోకాలి శస్త్రచికిత్స తరువాత చాలా కొద్దిగా నేరుగా కీలులోకి ఎక్కిస్తే నొప్పి తగ్గిందని 1991లో క్రిస్టోఫ్ స్టైన్ బృందం నివేదించింది. మార్ఫిన్ పనిచేసేది మెదడులోనే అన్న నమ్మకం దానితో సడలింది.

మిరపకారం, టి.ఆర్.పి.వి.1 ద్వారం

మిరపకాయలు కోసే కూలీల చేతులు సాయంత్రానికి భగ్గుమంటాయి. ఎంత కడిగినా నీళ్ళకు ఆ మంట పోదు, నూనె రాస్తే కొంత నెమ్మదిస్తుంది. కారణం క్యాప్సైసిన్ నూనెలో కరిగే పదార్థం కావడమే. అది నాడి కొన మీదుండే టి.ఆర్.పి.వి.1 అనే ద్వారాన్ని తెరుస్తుంది. డేవిడ్ జూలియస్ బృందం 1997లో ఈ ద్వారపు జన్యువును పట్టుకుంది. స్పర్శ, ఒత్తిడి గ్రాహకాలను కనుగొన్న ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిసి ఆయన 2021 నోబెల్ పొందాడు. ఇదే ద్వారం సుమారు 43 డిగ్రీల సెల్సియస్ వేడికి కూడా తెరుచుకుంటుంది. కారానికీ కాలడానికీ తెలుగులో 'మంట' అనే ఒకే మాట ఉండడం శరీరధర్మం దృష్టితో చూస్తే సరైనదే.

కీలు నాడుల మీద కూడా ఈ ద్వారం ఉంది. శోథ ఉన్న కీలులో ఆమ్లత పెరిగి, ప్రోస్టాగ్లాండిన్‌లు చేరి, దాని ఉష్ణోగ్రత గడప శరీరపు మామూలు వేడి దాకా దిగిపోతుంది. అంటే ఏ వేడీ తగలకుండానే అది తెరుచుకోగలదు. క్యాప్సైసిన్‌ను లేపనంగా పదేపదే రాస్తే నాడి కొన మొదట మండి, తరువాత మొద్దుబారుతుంది. పదార్థం-పి నిల్వలూ తరుగుతాయి. మోకాలి ఆస్టియో ఆర్థరైటిస్‌కు 0.025 శాతం క్యాప్సైసిన్ లేపనం వాడుకలో ఉంది. వంటింటి కారం నూరి రాయడం దీనికి బదులు కాదు. మోతాదు తెలియని కారం చర్మాన్ని పుండు చేస్తుంది.

నాడి లేని కీలు

నాడి పాత్రను అది లేనప్పుడు చూస్తే బాగా తెలుస్తుంది. 1868లో పారిస్ వైద్యుడు జాన్ మార్టిన్ షార్కో, సిఫిలిస్ వల్ల వెన్నుపాము దెబ్బతిన్నవారిలో నొప్పి పెద్దగా లేకుండానే కీళ్ళు ముక్కలైపోవడాన్ని వర్ణించాడు. నేడు షార్కో కీలు ఎక్కువగా కనిపించేది మధుమేహ రోగుల పాదాల్లో. కుష్ఠు వ్యాధిలోనూ ఇది వస్తుంది. రాయలసీమ రోగులు తరతరాలుగా వెళ్ళే వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో, 1940ల చివర నుంచి పాల్ బ్రాండ్ కుష్ఠు రోగుల చేతులు, కాళ్ళ మీద పనిచేశాడు. వేళ్ళు, పాదాలు పాడైపోవడానికి ప్రధాన కారణం నొప్పి తెలియకపోవడమేనని నొక్కిచెప్పాడు.

దీనికి ఎదురుగా ఇంకో పరిశీలన ఉంది. పక్షవాతం వచ్చిన తరువాత రుమటాయిడ్ ఆర్థరైటిస్ మొదలైతే, చచ్చుబడ్డ వైపు కీళ్ళు తరచు జబ్బు నుంచి తప్పించుకుంటాయి. పోలియో వల్ల చచ్చుబడ్డ కాళ్ళలోనూ ఇలాంటివి నమోదయ్యాయి. కదలిక తగ్గడం కొంత కారణం కావచ్చు. నాడి సంకేతాలు తగ్గడం కూడా కారణమేనని నాడీజన్య శోథ పరిశోధకుల వాదన. నాడి పూర్తిగా పోతే కీలు విరుగుతుంది, అతిగా పనిచేస్తే వాచి కరుగుతుంది.

చికిత్సలో జయాపజయాలు

పదార్థం-పి గ్రాహకాన్ని అడ్డుకునే మందులు జంతువుల్లో నొప్పిని తగ్గించి, మనుషుల్లో విఫలమయ్యాయి. వాటిలో ఒకటైన అప్రెపిటంట్ క్యాన్సర్ మందుల వల్ల వచ్చే వాంతులకు ఉపయోగపడుతోంది. సి.జి.ఆర్.పి.ని అడ్డుకునే ప్రతిదేహాలు 2018 నుంచి పార్శ్వపు నొప్పికి వాడుకలోకి వచ్చాయి. మోకాలి నొప్పిలో వాటిలో ఒకదాన్ని పరీక్షిస్తే ఫలితం దక్కలేదు.

అన్నిటికన్నా పెద్ద పాఠం టనెజుమాబ్ అనే మందుది. నాడీ వృద్ధి కారకం ప్రసారకం కాదు గాని, నొప్పి నాడులను సున్నితం చేసి పదార్థం-పి ఉత్పత్తిని పెంచుతుంది. దాన్ని కనుగొన్నందుకు రీటా లెవీ-మోంటాల్చినీకి 1986లో స్టాన్లీ కోహెన్‌తో పాటు నోబెల్ వచ్చింది. ఆ కారకాన్ని పట్టి బంధించే టనెజుమాబ్ మోకాలి నొప్పిని నిజంగానే తగ్గించింది. కొందరిలో మాత్రం కీళ్ళు వేగంగా నాశనమయ్యాయి. 2010లో అమెరికాలో పరీక్షలు ఆపించారు, తరువాత మళ్ళీ అనుమతించారు. 2021లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ సలహా సంఘం 19–1 ఓట్లతో వ్యతిరేకించడంతో తయారీదారులు విరమించుకున్నారు. షార్కో వర్ణించిన ప్రమాదమే మందు రూపంలో ఎదురైందని చాలామంది నిపుణులు భావించారు.

కమలాపురం, కడప–కర్నూలు మెట్ట సీమ

ఈ సంకేతాలు కాయకష్టం చేసేవారి మోకాళ్ళకు ఎలా వర్తిస్తాయో చూడడానికి ఒక సీమను తీసుకుందాం. కమలాపురం వై.ఎస్.ఆర్. కడప జిల్లాలో మండల కేంద్రం. పాపాఘ్ని నది పెన్నలో కలిసేది ఈ ఊరి దగ్గరే. పక్కనున్న ఎర్రగుంట్ల నాపరాయి గనులకూ పాలిష్ యంత్రాలకూ పేరుపడింది. నంద్యాల జిల్లాలోని బేతంచెర్లదీ అదే బతుకుతెరువు. కడప బండలుగా దేశమంతా వెళ్ళే ఈ సున్నపురాయికి భూగర్భ శాస్త్రంలో నార్జి అని పేరు. బండ కొట్టడం, మోయడం, గంటల తరబడి గొంతుకూర్చొని బుడ్డలు (వేరుశనగ కాయలు) వొలవడం, కలుపు తీయడం ఇక్కడి పని. మోకాలు పూర్తిగా ముడిచి కూర్చోవడం, బరువులు ఎత్తడం మోకాలి ఆస్టియో ఆర్థరైటిస్ ముప్పును పెంచుతాయని వివిధ దేశాల వృత్తి ఆరోగ్య పరిశీలనలు చెబుతున్నాయి. ఒత్తిడికి ఎ.టి.పి. వెలువడడం, భారానికి ఎముకలో గ్లుటమేట్ రవాణా మారడం అనే పై సంగతులు ఈ మోకాళ్ళకూ వర్తిస్తాయి.

2005–06లో రాయలసీమను చికున్‌గున్యా చుట్టుముట్టింది. జ్వరం వారంలో తగ్గినా కీళ్ళ నొప్పులు నెలల తరబడి, కొందరికి ఏళ్ళ తరబడి వదలలేదు. వైరస్ వల్ల మొదలైన శోథ నాడులను సున్నితం చేసి ఉంచే తీరుకు ఇది పెద్ద ఉదాహరణ. ఫ్లోరోసిస్ విషయం వేరు. మన దేశంలో దాన్ని మొదట వర్ణించింది 1937లో మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా పొదిలి ప్రాంతం నుంచి. తరువాత నల్గొండ దాని పేరుతో ముడిపడిపోయింది. అందులో నొప్పికి ప్రధాన కారణాలు సంధిబంధనాలు గట్టిపడడం, పెరిగిన ఎముక నాడుల మూలాలను నొక్కడం. వాడుకలో దీన్నీ వాతమంటారు గాని నాడీజన్య శోథతో కలపకూడదు.

కీళ్ళ బాధకు ఈ సీమలో తీపు, సలుపు, పోటు, మంట, పట్టుకుపోవడం అనే వేరువేరు మాటలున్నాయి. వీటిని వైద్యుడు శ్రద్ధగా వినాలి. పని చేస్తే పెరిగి, కూర్చుంటే తగ్గే సలుపు ఆస్టియో ఆర్థరైటిస్ వైపు చూపుతుంది. పొద్దున లేవగానే వేళ్ళు పట్టుకుపోయి, గంటకు పైగా వదలకుండా, రెండు చేతులకూ ఒకేలా ఉంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్‌ను అనుమానించి వెంటనే పరీక్ష చేయించాలి. మధుమేహం ఉన్నవారి పాదం వేడెక్కి వాచి, నొప్పి మాత్రం అంతగా లేకపోతే అది మరీ అత్యవసరం. మెథోట్రెక్సేట్ రాస్తే అది వారానికి ఒక్కసారి వేసుకునే మాత్ర. రోజూ మింగితే ప్రాణాపాయం. అందుకే వారంలో ఏ రోజు వేసుకోవాలో రోగికి నోటితో చెప్పి, చీటీ మీద సోమవారమో గురువారమో తెలుగులో రాసి ఇవ్వాలి.